లైబ్రరీ నవల కొనే ముందు, అందులో లైబ్రేరియన్ పని చేస్తోందా లేదా చూడండి

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కదా. మీ అమ్మాయి లైబ్రరీ సైన్సులో చేరింది, చుట్టాలేమో "దుమ్ము దులపడానికి కూడా డిగ్రీ ఉందా" అని ఆట పట్టిస్తున్నారు, పుట్టినరోజుకి లైబ్రరీల మీద వచ్చిన చారిత్రక నవలలు కొనిద్దామనుకుంటున్నారు. ఏవి మంచివి, వాటిలో నిజమెంత, దేనితో మొదలుపెట్టాలి, తెలుగులో ఏమైనా ఉందా. ఇంతే కదా. నేను ముప్పై ఏళ్లకు పైగా శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను, ఈ రకం నవలలు కనిపిస్తే వదలను, అందుకని జవాబు కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి. నేను చెప్పేవన్నీ ఇంగ్లీషులో దొరుకుతాయి.

ఈ మధ్య అట్ట మీద పుస్తకాల బీరువా, దాని ముందు వీపు చూపిస్తూ నిలబడ్డ అమ్మాయి, పైన రెండు యుద్ధ విమానాలు, ఇలాంటి నవలలు కుప్పలుగా వస్తున్నాయి. వాటిలో చాలావాటికి లైబ్రరీ ఉత్త సెట్టింగు. నాయిక కౌంటర్ వెనక కూర్చుంటుంది, ప్రేమలో పడుతుంది, యుద్ధం వస్తుంది, ఉత్తరాలు ఆగిపోతాయి. ఆమెని తీసుకెళ్లి పోస్టాఫీసులో కూర్చోబెట్టినా కథలో ఒక్క పేజీ మారదు. నేను చూసేది మాత్రం పని. ఏ పుస్తకం ఎవరికిచ్చారు, ఎవరికివ్వొద్దన్నారు, అట్ట ఊడిన పుస్తకాన్ని ఏం చేశారు, రిజిస్టర్లో ఏం రాశారు, తిరిగిరాని పుస్తకం ఎవరి మెడకి చుట్టుకుంది. కథ ఇందులోంచి పుడితేనే నా లెక్కలో అది లైబ్రరీ నవల.

ఆ లెక్కన అమ్మాయికి మొదట ఇవ్వాల్సింది కిమ్ మిషెల్ రిచర్డ్‌సన్ రాసిన 'ద బుక్ వుమన్ ఆఫ్ ట్రబుల్‌సమ్ క్రీక్'. 2019లో వచ్చింది. అమెరికాలో కెంటకీ రాష్ట్రం తూర్పు కొండలు, బొగ్గు గనుల ప్రాంతం, మహా మాంద్యం రోజులు. రోడ్లు లేవు, వాగుల్లోంచి నడవాలి. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఉపాధి పథకం కింద 1935 నుంచి 1943 దాకా అక్కడ గుర్రపు లైబ్రరీలు నడిపింది. గుర్రాల మీద ఇంటింటికీ పుస్తకాలు మోసుకెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, నెలకి 28 డాలర్ల జీతం, గుర్రమో కంచరగాడిదో సొంతదైనా అద్దెదైనా వాళ్లే చూసుకోవాలి, వారానికి వంద మైళ్లకు పైగా తిరగాలి. ప్రభుత్వం జీతమిచ్చింది గానీ పుస్తకాలు కొనలేదు, అవి విరాళంగా రావాలి. అంటే వచ్చేవన్నీ ఎవరో వాడి వదిలేసినవే. మరి వాటితోనే ఎలా నెట్టుకొచ్చారు?

నాకు ప్రాణం లేచొచ్చేది ఇక్కడే. పాత క్రిస్మస్ కార్డులు పోగేసి పేజీ గుర్తులుగా ఇచ్చేవాళ్లు, లేకపోతే జనం పేజీ మూల మడిచేస్తారని. పుస్తకాల వివరాలు రాసుకునే లైబ్రరీ కార్డులు పెట్టుకోవడానికి జున్ను డబ్బాలు. పుస్తకాలు ఒరిగిపోకుండా పాత కార్ల నంబర్ ప్లేట్లు వంచి ఆసరా పెట్టేవాళ్లు. మరీ చిరిగిపోయిన పత్రికల్లోంచి వంటలు, బొంతలు కుట్టే నమూనాలు కత్తిరించి అతికించి కొత్త పుస్తకాలు తయారుచేసేవాళ్లు, వాటికి మామూలు పుస్తకాల కంటే గిరాకీ. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వారపత్రికల్లో సీరియళ్లు వారం వారం కత్తిరించి, పెద్ద దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి బైండు చేసేది. ఆ తరంలో చాలా ఇళ్లలో ఈ పని జరిగింది. ఒక సీరియల్‌కి చివరి మూడు వారాలు దొరక్క, వీధి మొత్తం ఆ కథ ముగింపు తలోరకంగా చెప్పుకునేది, అది వేరే కథ.

అక్కడ పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు, బొమ్మలున్న పుస్తకాలు అడిగేవాళ్లు, పిల్లలు చదివి వినిపించేవాళ్లు. ఇది నేను కళ్లారా చూసిందే. నేను పనిచేసిన ఒక ఊళ్లో బీడీలు చుట్టే ఒక పెద్దావిడ వారానికోసారి మనవడిని రెక్క పట్టుకుని లాక్కొచ్చేది. "వీడికి కాదయ్యా, నాకు. వీడు చదువుతాడు, నేను చుట్టుకుంటా వింటా. దెయ్యాలవి వద్దు, సంసారాలవి ఇయ్యి" అనేది. డిపాజిట్ కట్టించుకుని సభ్యత్వం ఎవరి పేరు మీద రాయాలో నాకు కాసేపు అర్థం కాలేదు. చివరికి ఆవిడ పేరే రాశాను, వేలిముద్ర వేయించుకుని.

నిజమెంత అంటే, నాయిక ఒంటి రంగు నీలం, అది కల్పన కాదు. కెంటకీలో రక్తంలోని ఒక లోపం వల్ల చర్మం నీలంగా ఉండే కుటుంబాలు నిజంగా ఉండేవి. మిథిలీన్ బ్లూ అనే మందుతో వాళ్లకి వైద్యం జరిగింది మాత్రం 1960ల్లో, నవలలో దాన్ని 1930ల్లోకి జరిపారు. ఆ సంగతి రచయిత్రే ఒప్పుకున్నారు. చారిత్రక నవలల్లో ఇది తప్పేం కాదు, చెప్పి చేసినంతవరకు. అందుకే నేను ఇలాంటి నవల ఏది తీసినా ముందు చివరి పేజీలకి పోయి రచయిత మాట చదువుతాను. ఏం మార్చారో చెప్పినవాళ్ల మీద నమ్మకం కుదురుతుంది. ఏమీ చెప్పకుండా "యథార్థ సంఘటనల ఆధారంగా" అని అట్ట మీద మాత్రం వేసుకున్నవాటిని కాస్త అనుమానంగానే చదువుతాను.

అదే గుర్రపు లైబ్రరీల మీద జోజో మోయెస్ రాసిన 'ద గివర్ ఆఫ్ స్టార్స్' కూడా 2019లోనే వచ్చింది. అదే ఎక్కువమందికి తెలుసు. హాయిగా సాగుతుంది, ఆడవాళ్ల స్నేహం బాగుంటుంది, పెళ్లి చేసుకుని ఇంగ్లండ్ నుంచి వచ్చి ఇరుక్కుపోయిన అమ్మాయి గోడు బాగుంటుంది. కానీ సగం దాటాక కథ కోర్టు, ఖూనీ వైపు పోతుంది, పుస్తకాలు జీను సంచుల్లోనే ఉండిపోతాయి. ప్రయాణంలో చదువుకోవడానికి మంచిదే.

జానెట్ స్కెస్లియన్ చార్ల్స్ రాసిన 'ద పారిస్ లైబ్రరీ' రెండోది. పారిస్‌లో అమెరికన్ లైబ్రరీ నిజంగా ఉంది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం అమెరికా నుంచి పంపిన పుస్తకాలతో 1920లో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పారిస్‌ని పట్టుకున్నాక యూదులు లైబ్రరీలోకి రాకూడదన్నారు. సిబ్బంది ఏం చేశారంటే, పుస్తకాలు చంకన పెట్టుకుని వాళ్ల ఇళ్లకే వెళ్లి ఇచ్చొచ్చారు. డైరెక్టరు డొరొతీ రీడర్ చరిత్రలో ఉన్న మనిషే. రచయిత్రి ఆ లైబ్రరీలో ఉద్యోగం చేశారు, అది తెలిసిపోతుంది. నాయిక ఒదీల్‌కి ఏం చూసినా, ఏం బాధ కలిగినా బుర్రలో డ్యూయీ నంబర్లు, అంటే లైబ్రరీల్లో పుస్తకాల్ని విషయం వారీగా సర్దడానికి వేసే అంకెలు, తిరుగుతుంటాయి. మీ అమ్మాయికి రెండు నెలల్లో ఈ జబ్బు పట్టుకుంటుంది, చూడండి. రిటైరయ్యాక కూడా నాకు బస్సు మీద 894 కనిపిస్తే 894.827 తెలుగు సాహిత్యం అని పక్కన పాయింటు పెట్టుకుని మరీ వినిపిస్తుంది.

ఆ నవలలో నన్ను పట్టేసింది వీరత్వం కాదు, ఆకాశరామన్న ఉత్తరాలు. ఫలానా ఇంట్లో యూదులున్నారు, ఫలానా ఆయన జర్మన్ల మీద జోకులు వేస్తున్నాడు అని పక్కింటివాళ్లే పేరు లేకుండా పోలీసులకి రాసేవాళ్లు. వాళ్లని ఫ్రెంచివాళ్లు కాకులంటారు. ఒదీల్ తండ్రి పోలీసు అధికారి, ఆ ఉత్తరాలు ఆయన బల్ల మీదకి వస్తుంటాయి. సభ్యుల పేర్లు, చిరునామాలు, ఎవరు ఏం చదువుతున్నారో రాసుకునే ఉద్యోగం మనది. ఆ రిజిస్టరు ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో అనే టెన్షన్ లైబ్రేరియన్‌కి అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాదు. అయితే మధ్యమధ్య 1980ల్లో అమెరికాలోని మొంటానాలో ఒక టీనేజి పిల్ల కథ వస్తుంది, అది నాకు సాగదీసినట్టనిపించింది. మీ అమ్మాయికి అదే నచ్చొచ్చు, వయసు అలాంటిది.

స్పెయిన్ రచయిత ఆంతోనియో ఇతుర్బే రాసిన 'ద లైబ్రేరియన్ ఆఫ్ ఆష్‌విట్జ్' గురించి ఎక్కువ చెప్పను. దీతా క్రాస్ అనే ఆమె జీవితం ఆధారం. 1929లో ప్రాగ్‌లో పుట్టింది, పద్నాలుగేళ్లకి ఆష్‌విట్జ్ అనే నాజీల మరణ శిబిరంలో 31వ బ్లాకు పిల్లల దగ్గర పుస్తకాలు చూసుకునేది. నవలలో ఉన్నవి ఎనిమిది పుస్తకాలు, వాటిలో ఒక అట్లాసు, వెల్స్ రాసిన ప్రపంచ చరిత్ర. ఎనిమిదే. అవి చాలక, ఏదైనా నవల కంఠతా వచ్చిన టీచర్లని 'బతికున్న పుస్తకాలు' అనేవాళ్లు, వాళ్లు బ్లాకులో ఒక గుంపు దగ్గర్నుంచి ఇంకో గుంపు దగ్గరకి వెళ్లి ఆ కథ చెప్పేవాళ్లు. అంటే మనుషుల్నే ఇష్యూ చేసేవాళ్లన్నమాట. ఆ పిల్లల్ని చూసుకున్న ఫ్రెడీ హిర్ష్ కూడా నిజం మనిషి, 1944 మార్చిలో చనిపోయాడు. అమ్మాయి గుండె గట్టిదైతేనే ఇవ్వండి, పుట్టినరోజు నాడు మాత్రం వద్దు.

'ద పర్సనల్ లైబ్రేరియన్' వేరే రకం. మేరీ బెనెడిక్ట్, విక్టోరియా క్రిస్టఫర్ మర్రే కలిసి రాశారు, 2021. బెల్ డా కోస్టా గ్రీన్ అని, అమెరికా బ్యాంకర్ జె.పి. మోర్గన్ సొంత లైబ్రరీని చూసుకున్న మనిషి. నల్లజాతి కుటుంబంలో పుట్టి, పోర్చుగీసు మూలాలున్నాయని చెప్పుకుని, తెల్లవాళ్ల మధ్య తెల్లమనిషిగానే బతికింది. 1911 వేలంలో 1485 నాటి ఒక ముద్రిత పుస్తకాన్ని 42,800 డాలర్లకి పాడి కొట్టుకొచ్చింది. 1924లో ఆ లైబ్రరీ ప్రజలకి తెరిచినప్పుడు దాని మొదటి డైరెక్టరు ఆమే. చనిపోయే ముందు తన సొంత కాగితాలన్నీ నాశనం చేసింది, కాబట్టి నవలలో ఆమె మనసులో మాటలుగా ఉన్నవాటిలో ఎక్కువభాగం ఊహే అనుకుని చదవాలి. నాకు ఎక్కువ నచ్చింది వాళ్ల నాన్న సంగతి. రిచర్డ్ గ్రీనర్, 1870లో హార్వర్డ్ కాలేజీ నుంచి బి.ఏ. పట్టా అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి, తర్వాత సౌత్ కరోలినా యూనివర్సిటీలో ప్రొఫెసరుగా ఉంటూ అక్కడి లైబ్రరీని కూడా సర్దిపెట్టాడు. తన జాతిని చెప్పుకుని పోరాడిన తండ్రి, దాచుకుని ఎదిగిన కూతురు, ఇద్దరూ లైబ్రరీల్లో పనిచేసినవాళ్లే. గౌన్లూ పార్టీల వర్ణన కొంచెం తగ్గించి ఈ తండ్రీకూతుళ్ల మీద ఇంకో వంద పేజీలు రాసుంటే బాగుండేది.

జెరాల్డిన్ బ్రూక్స్ 'పీపుల్ ఆఫ్ ద బుక్' (2008) లైబ్రేరియన్ కన్నా ఒక పుస్తకం కథ. మధ్యయుగాల స్పెయిన్‌లో బొమ్మలతో తయారైన యూదుల ప్రార్థన పుస్తకం, బోస్నియాలోని సారయేవో మ్యూజియంలో ఉంటుంది. 1942లో నాజీలు వచ్చినప్పుడు దాన్ని కాపాడింది దెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం లైబ్రేరియన్, ఇది చరిత్ర. నవలలో ఆయన వేరే పేరుతో కనిపిస్తాడు. దాన్ని బాగుచేయడానికి వచ్చిన ఆవిడకి పేజీల మధ్య ఒక పురుగు రెక్క, ద్రాక్షసారా మరక, ఉప్పు, ఒక వెంట్రుక దొరుకుతాయి, ఒక్కోదాని వెనక ఒక్కో కాలం కథ, వెనక్కి వెనక్కి పోతుంది. రిటర్న్ వచ్చిన పుస్తకాన్ని దులిపి చూడడం మా అందరికీ అలవాటే. ఆర్టీసీ టికెట్లు, ఎండిపోయిన వేపాకు, నెమలి ఈక, మందుల చీటీ, ఒకసారి శుభలేఖ వెనక పెన్సిల్‌తో రాసిన సరుకుల లెక్క. అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి ఉంచేవాణ్ణి, తర్వాత ఎవరైనా అడుగుతారేమో అని. శుభలేఖ కోసం మాత్రం నిజంగానే ఒకాయన వచ్చాడు.

ఇక ఉంబెర్తో ఎకో 'ద నేమ్ ఆఫ్ ద రోజ్'. ఇటాలియన్‌లో 1980లో వచ్చింది. 1327, ఇటలీ కొండల్లో ఒక క్రైస్తవ మఠం, రోజుకో సన్యాసి చచ్చిపోతుంటాడు, కిటుకంతా లైబ్రరీలో ఉంది. లైబ్రేరియన్ తప్ప ఇంకెవరూ అడుగు పెట్టకూడని చిక్కుదారుల లైబ్రరీ. అందరూ దీన్ని డిటెక్టివ్ నవలగా చెప్తారు, తత్వశాస్త్రంగా చెప్తారు. నేను మా రిజిస్టర్ కథగా చదువుకున్నాను, నవ్వకండి.

ఎందుకంటే ఆ మఠంలో పుస్తకాల జాబితా విషయం వారీగా ఉండదు, రచయిత పేరు వారీగా ఉండదు, పుస్తకాలు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలో ఉంటుంది. కొన్నా, దానంగా వచ్చినా, వచ్చిన రోజే నంబరు. అది అచ్చం మన యాక్సెషన్ రిజిస్టరే! కొత్త పుస్తకం రాగానే నంబరు వేసి, టైటిల్ పేజీ మీద ముద్ర, లోపల ఎవరికీ చెప్పని ఒక రహస్య పేజీ మీద ఇంకో ముద్ర, తర్వాత రిజిస్టర్లో ఒక వరస. ఆ ఒక్క రిజిస్టరే ఉండి, ఇంకే క్యాటలాగూ లేకపోతే ఏమవుతుంది? పుస్తకం ఎప్పుడొచ్చిందో గుర్తున్నవాడే దాన్ని వెతకగలడు. గుర్తున్నవాడు లైబ్రేరియన్ ఒక్కడే. తాళం అక్కర్లేదు, జాబితా పద్ధతే తాళం.

ఇంకా ఉంది. కథలో పరిశోధన చేసే విలియం ఆ జాబితాలో దస్తూరి ఎక్కడెక్కడ మారిందో చూస్తాడు. దస్తూరి మారిందంటే లైబ్రేరియన్ మారాడు. ఎవరి తర్వాత ఎవరు, మధ్యలో లెక్కకి రానివాడు ఎవరు అని అక్కణ్ణుంచి లాగుతాడు. నేను మొదటిసారి ఆ పేజీలు చదివి పుస్తకం మూసేసి కూర్చున్నాను. కారణం ఏంటంటే, అప్పటికి కొద్ది నెలల ముందే నేను ఒక శాఖలో చార్జి తీసుకుని, స్టాక్ వెరిఫికేషన్లో నలభై చిల్లర పుస్తకాలు తక్కువొస్తే, అవి నా మీద పడి జీతంలో కోత పడుతుందని భయపడి, రిజిస్టర్ ముందేసుకుని సరిగ్గా అదే పని చేశాను. గుండ్రటి దస్తూరి ఆయన రిటైరైపోయాడు, ఆయన పుస్తకాలన్నీ ఉన్నాయి. తర్వాత కుడివైపు వాలిన రాత, మూడేళ్లు. ఆ తర్వాత రెండే రెండు పేజీలు ఇంకెవరిదో, అక్షరాలు విడివిడిగా, పెన్ను కూడా వేరే. పోయినవన్నీ దాదాపు ఆ రెండు పేజీల్లోవే. ఎవరో సెలవు మీద వెళ్తే నెల రోజులు ఇన్‌చార్జిగా వచ్చినవాళ్లది ఆ రాత. పుస్తకాలు దొరకలేదు, కానీ నా జీతం దక్కింది.

ఎకోలో ఇంకో సరదా, ఆ మఠంలో హోర్హే అనే గుడ్డి ముసలాయన ఉంటాడు. అర్జెంటీనా రచయిత బోర్హెస్‌ని తలచుకుని పెట్టిన పాత్ర. బోర్హెస్ 1955 నుంచి ఆ దేశపు జాతీయ గ్రంథాలయానికి డైరెక్టరు, అప్పటికే ఆయనకి చూపు పోయింది. ఎకో ఆ గౌరవాన్ని చాలా చిలిపిగా తీర్చుకున్నాడు, ఎలాగో చదివితే తెలుస్తుంది. మొదటి వంద పేజీలు మాత్రం కొరుకుడు పడవు. ప్రచురణ వైపువాళ్లే తగ్గించమంటే ఎకో ఒప్పుకోలేదు, మఠంలోకి రాదలచినవాళ్లు మఠం నడక నేర్చుకోవాలన్నాడు. లాటిన్ ముక్కలు అర్థం కాకపోతే దాటేయమనండి, నేనూ దాటేశాను.

తెలుగులో ఏమైనా చెప్పమన్నారు. నవల సంగతి తర్వాత, నవలకి కావలసిన సరుకు మన దగ్గర బోలెడుంది. కెంటకీలో గుర్రాలు బయల్దేరిన 1935లోనే మన దగ్గర పడవ బయల్దేరింది. పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. ఆలోచించండి, లాకుల దగ్గర నీళ్లు సమానమయ్యేదాకా పడవ ఆగాలి, ఆ ఆగిన కాసేపట్లో గట్టు మీద నిలబడ్డవాడికి పుస్తకం అందించాలి, మళ్లీ పడవ వచ్చేదాకా అది అతని దగ్గరే. వానకి తడిస్తే? ఊరు వదిలి పోతే? ఇంట్లో ఆడవాళ్ల కోసం పుస్తకం అడగడానికి గట్టు మీదకి ఎవరొస్తారు? ఇందులో ప్రేమకథ లేకపోయినా మూడొందల పేజీలు నడుస్తుంది.

అటు హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. ఉర్దూలో పాలన నడిచే నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకాలకి ఒక గది ఏర్పాటు చేసుకోవడమే అప్పట్లో పెద్ద మాట. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనంలో పాత పత్రికలు దశాబ్దాల వెనకటివి ఉన్నాయి. మీ అమ్మాయికి రాసే సరదా కూడా ఉందన్నారు కాబట్టి, సెలవుల్లో ఒక్కరోజు వేటపాలెం తీసుకెళ్లండి. చీరాల దగ్గరే.

కొనే వరస చెప్పేస్తాను. పుట్టినరోజుకి కెంటకీ నవల, రిచర్డ్‌సన్‌ది. అది పూర్తిచేస్తే పారిస్. మిగతావి ఆమె ఇష్టం, జేబుని బట్టి, పాతవి దొరికితే పాతవే తీసుకోండి, మధ్యలో ఎవరో టికెట్టు ముక్క పెట్టి ఉంటే ఇంకా మంచిది. ఎకో మాత్రం ఇప్పుడే ఇవ్వకండి, క్లాసిఫికేషన్ ప్రాక్టికల్స్ అయ్యాక ఇవ్వండి. ఆ చిక్కుదారుల్లో ప్రతి గదికీ పైన ఒక వాక్యం రాసి ఉంటుంది, ఆ వాక్యాల మొదటి అక్షరాలకీ లోపలి పుస్తకాలకీ సంబంధం ఉంది. ఏంటో నేను చెప్పను. విలియం కంటే ముందే పట్టుకుందా లేదా అని ఆమెని అడిగి, ఇక్కడే రాయండి.